వేదిక మీద లేనివాడు

1998 అక్టోబరులో అమెరికాలోని లారమీ పట్టణంలో మాథ్యూ షెపర్డ్ అనే గే విద్యార్థిని ఇద్దరు యువకులు చావబాది, కంచెకి కట్టేసి పోయారు. ఆరు రోజులకి ఆసుపత్రిలో చనిపోయాడు. మోయిజెస్ కౌఫ్‌మన్ బృందం ఆ ఊరివాళ్లతో 200కి పైగా ఇంటర్వ్యూలు చేసి, వాళ్ల మాటలతోనే 'ది లారమీ ప్రాజెక్ట్' నాటకం కట్టి 2000లో ప్రదర్శించింది.

అందులో మాథ్యూ పాత్రే లేదు. చనిపోయినవాడి గొంతు లేకపోవడం లోటని మొదట అనిపించింది నాకు. కానీ ఎనిమిదిమంది నటులే 60కి పైగా పాత్రలు వేస్తారు. జాలిపడ్డ మనిషీ, అసహ్యించుకున్న మనిషీ ఒకే శరీరంలోంచి మాట్లాడతారు. ద్వేషాన్ని ఇద్దరు హంతకులకి అంటగట్టి ప్రేక్షకులు చేతులు దులుపుకోలేరు.

స్త్రీలపై హింస గురించి రాసేటప్పుడు మనం దెబ్బలు తిన్న శరీరాన్నే పదేపదే చూపిస్తాం. కొట్టిన చేతుల్ని పెంచిన ఊరిని ఎప్పుడు మాట్లాడిస్తాం?