వాడంతా చేతులు పెట్టే పండుగ

హుస్సేన్‌సాగర్ పక్కన మక్తా అనే బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ తరఫున చిత్రకారులు వచ్చి అక్కడి ఇళ్ల గోడల మీద నిలువెత్తు బొమ్మలు వేశారు. మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అని పేరొచ్చింది, చూడటానికి జనం వస్తున్నారు. మంచిదే. కానీ వాడవాళ్లే కూడి చేసుకునే వీధి కళ అనగానే నాకు మా మహదేవపూర్ అరుగుల మీద పేర్చే బతుకమ్మే గుర్తుకొస్తుంది.

పేర్చుడు చూసినంత సులువు కాదు. తాంబాళంలో ముందు గుమ్మడాకులు పరుస్తాం. తంగేడు పూలను చిన్న చిన్న కట్టలు చేసి, కాడలు లోపలికి, పూలు బయటికి వచ్చేలా గుండ్రంగా వరుస పెడతాం. నడుమ జాగాను తరిగిన కాడలతో, ఆకులతో నింపాలి. పనితనమంతా ఈ నింపుడులోనే ఉంది. వదులుగా నింపితే నాలుగో వరుసకే ఒరుగుతుంది. గట్టిగా కుక్కితే కింది వరుస బయటికి తోసుకొస్తుంది. మా అత్తమ్మ ప్రతి వరుసకూ అరచేతితో నొక్కి చూసేది. ఆ నొక్కుడు ఎంతన్నది ఆమె మాటల్లో చెప్పలేదు, నా చెయ్యి పట్టుకుని నొక్కించింది.

గునుగు పూలది వేరే పని. కొసలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, రంగునీళ్లలో ముంచి ముందే ఆరబెట్టుకోవాలి. కొన్ని తెల్లగానే ఉంచాలి, లేకుంటే మిగతా రంగులు ఎత్తి కనిపించవు. పైకి పోయినకొద్దీ వరుస చిన్నదవుతూ రావాలి. దానికి కొలబద్ద ఏమీ లేదు. ఎదురుగా కూర్చున్న వదినె "నీ దిక్కు ఒరుగుతుంది, జర ఇటు జరుపు" అంటే జరపాలి. కొసకు గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. తల్లి బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మను ఇంట్లో చిన్నపిల్లలకే వదిలేస్తాం. అది వంకరగా వచ్చినా సరే, వాళ్ల చెయ్యి తిరిగేది అక్కడే.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మనాటికి తొమ్మిది రోజులు. పొద్దుగూకినాక అన్ని ఇళ్ల బతుకమ్మలూ ఒక్కచోటికి చేరతాయి. చుట్టూ తిరిగి ఆడి, చెరువులో వదిలేస్తాం. దాచుకునేది ఏమీ లేదు.

2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసింది. 2016లో ఎల్బీ స్టేడియంలో తొమ్మిది వేలకు పైగా ఆడవాళ్లు ఆడితే గిన్నిస్ రికార్డు దక్కింది. ఆ గౌరవం మనకు రావలసిందే. అయితే ఇలాంటి పెద్ద వేడుకల్లో చట్రం కట్టి నిలబెట్టే ఎత్తయిన బతుకమ్మలో చూడవచ్చినవాళ్లు పెట్టిన పువ్వు ఒక్కటీ ఉండదు. మూరెడు ఎత్తున్నా సరే, వాడలో పదిమంది కూర్చుని పేర్చిందే నాకు గొప్ప.

ఇప్పుడు కష్టమల్లా పువ్వులకే. తంగేడు మన రాష్ట్ర పుష్పం, కానీ రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది ఆ పొదలే. గునుగు చేన్లలో దానంతటదే మొలిచేది, కలుపు మందుకు మాడిపోతోంది. బజారులో బంతిపూలు కొనొచ్చు, కాగితం పూలూ దొరుకుతున్నాయి. వాటితో పేర్చిన దాన్ని బతుకమ్మ అనడానికి నాకు మనసొప్పదు.

సర్పంచులకు, రైతన్నలకు నా విన్నపం. పండుగ దాటేదాకా బాట పక్క తంగేడును కొట్టించకండి. చెలక గట్టు మీది గునుగుకైనా మందు కొట్టకండి. పూలకు వచ్చిన పిల్లలను కోసుకోనివ్వండి.