పొరలు లేని చరిత్ర: పోటీ పరీక్షల పుస్తకాల్లో పురావస్తు తవ్వకాలు

వ్యాససంగ్రహం: పోటీ పరీక్షల కోసం వెలువడే తెలంగాణ చరిత్ర పుస్తకాలు పురావస్తు తవ్వకాలను వివరించే తీరును ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. దొరికిన వస్తువును అది ఉన్న పొర నుంచి విడదీసి చెప్పడం ఈ పుస్తకాల మౌలిక లోపమని, దాని ఫలితం పరీక్షతో ముగిసిపోదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తవ్వకాలు, పొర, కోటిలింగాల, పాటిగడ్డ, పోటీ పరీక్షలు

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ శిక్షణ సంస్థలు, నారాయణగూడ పరిసరాల వసతిగృహాలు కలిసి చరిత్ర పుస్తకాలకు ఒక పెద్ద పాఠకలోకం. గ్రూప్-1, గ్రూప్-2 పాఠ్యప్రణాళికలో తెలంగాణ చరిత్ర ఉన్నందువల్ల, డిగ్రీలో ఆ శాస్త్రం చదవనివారు సైతం ఇక్కడ శాతవాహనులను, ఇక్ష్వాకులను, విష్ణుకుండినులను శ్రద్ధగా చదువుతారు. వారి చేతిలోని పుస్తకాలను ‘బిట్ల పుస్తకాలు’గా తోసిపుచ్చడం పరిశోధకులకు పరిపాటి. కాని ఒక తరానికి ప్రాచీన చరిత్రను పరిచయం చేస్తున్న రచనలు విమర్శకు అతీతం కాజాలవు.

2. పట్టికలో మిగిలేది

ఈ పుస్తకాల్లో తవ్వకాలు సాధారణంగా రెండు వరుసల పట్టికగా కనిపిస్తాయి. ఒకవైపు ఊరిపేరు, మరొకవైపు దొరికిన వస్తువు. పెద్దబంకూరుకు ఎదురుగా నాణేలు, ధూళికట్టకు స్తూపం, కొండాపురానికి టంకశాల. ఈ సమాచారం తప్పు కాదు, అసంపూర్ణం. వస్తువు ఏ పొరలో ఉంది, దాని పక్కన ఏముంది, తవ్వినవారు ఏ ఆధారంతో కాలం నిర్ణయించారు అన్న ప్రశ్నలకు పట్టికలో చోటు లేదు.

పాత ఊరి దిబ్బను తెలుగు పల్లెల్లో పాటిగడ్డ అంటారు. కూలిన గోడలు, బూడిద, పెంకులు తరాల తరబడి ఒకదానిపై ఒకటి పేరుకొని ఏర్పడిన ఆ దిబ్బలో ప్రతి పొరా ఒక కాలం. తవ్వకం ఆ పొరలను తొలగిస్తుంది. తొలగించిన పొరను తిరిగి తవ్వడం అసాధ్యం కనుక, కొలతలతో, పటాలతో రాసిన నివేదికే దానికి మిగిలే సాక్ష్యం.

ఆధారం చూపడం తెలుగువారికి కొత్త సంప్రదాయం కాదు. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రకటించిన ‘తెలంగాణా శాసనములు’ శాసనపాఠాన్ని అది దొరికిన చోటుతో కలిపి ఇచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఒక ఆచారాన్ని పేర్కొన్నప్పుడు అది ఏ కావ్యంలో ఉన్నదో చూపింది. పట్టిక ఆ క్రమశిక్షణనే వదిలేసింది.

3. కోటిలింగాల: నాణెం చెప్పేది, చెప్పనిది

గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉన్న కోటిలింగాలలో వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో రాష్ట్ర పురావస్తుశాఖ 1979 నుంచి తవ్వకాలు జరిపింది. ఇక్కడి నాణేలపై ఛిముకుని పేరును పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించడంతో శాతవాహనుల తొలి నెలవు గురించిన చర్చ మలుపు తిరిగింది. పుస్తకాల్లో ఇదంతా ‘సిముకుని నాణేలు దొరికిన చోటు ఏది?’ అన్న ఒక్క ప్రశ్నగా కుదించుకుపోయింది.

ఈ నాణేల్లో తవ్వకంలో బయటపడినవే కాక నేలపై ఏరినవి, స్థానికుల ద్వారా చేరినవి కూడా ఉన్నాయి. నాణెం చేతులు మారుతూ ప్రయాణిస్తుంది. దొరికిన చోటు ఒక్కటే అది ముద్రితమైన చోటును గాని, రాజధానిని గాని నిర్ణయించలేదు. ఏ పొరలో, ఏ ఇతర నాణేలతో, ఎంత సంఖ్యలో లభించిందన్నదే వాదానికి బలమిస్తుంది. తెలంగాణ ప్రాచీనతను చాటే ఆధారంగా కోటిలింగాలను ఎంతగా గౌరవిస్తే, ఈ భేదాన్ని అంతగా పాటించవలసి ఉంటుంది.

4. ఇంగ్లండు పల్లెసీమ నుంచి ఒక పోలిక

ఇంగ్లండులోని డార్సెట్ సీమలో మెయిడెన్ కాజిల్ అనే గుట్టకోటను మార్టిమర్ వీలర్ 1934-37లో తవ్వాడు. తూర్పు ద్వారం వద్ద బయటపడిన అస్థిపంజరాలను రోమన్ సేనల దాడిలో మరణించినవారివిగా వర్ణించాడు. ఆ కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. తరవాతి పరిశోధకులు దానిని ప్రశ్నించారు. ఆ మరణాలన్నీ ఒకే యుద్ధానివి కావని ఇటీవలి రేడియోకార్బన్ పరీక్షలు సూచించాయి. వీలర్ నిర్ణయం నిలవకపోయినా అతని నమోదు నిలిచింది కనుకనే ఈ పునర్విచారణ సాధ్యమైంది. 1944లో భారత పురావస్తుశాఖ అధిపతిగా వచ్చిన వీలర్ 1947లో బ్రహ్మగిరి తవ్వకంతో అదే పొరల పద్ధతిని దక్కను బృహత్ శిలా సమాధుల కాలనిర్ణయానికి వినియోగించాడు.

మరొక ఉదాహరణ సఫోక్ సీమలోని హాక్స్‌న్. 1992లో ఒక పొలంలో పోయిన సుత్తి కోసం లోహశోధక యంత్రంతో వెదికిన వ్యక్తికి రోమన్ నాణేలు తగిలాయి. అతడు తవ్వకం ఆపి అధికారులకు తెలిపాడు. ఫలితంగా ఆ నిధిని పెట్టెలో ఏ వరుసలో సర్దారో కూడా గ్రహించే వీలు కలిగింది.

5. పరీక్ష తరవాత

పరీక్షకు క్లుప్తత అవసరమన్న సమాధానం సహేతుకమే. అయితే ఈ పాఠకుల్లో కొందరు రేపటి డిప్యూటీ కలెక్టర్లు, నాయబ్ తహసీల్దార్లు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి భూమిలో దొరికితే దాని స్వభావం, దొరికిన చోటు, తేదీలను కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. పాటిమన్నును ఎరువుగా పొలాలకు తోలే పల్లెల్లో, గుట్టలపై క్వారీలు సాగే సీమల్లో తొలి కబురు చేరేది రెవెన్యూ యంత్రాంగానికే. వస్తువును మాత్రమే చూడటం నేర్చిన అధికారి నాణేలను ఖజానాకు పంపి, దిబ్బను వదిలేస్తాడు. పొర విలువ తెలిసినవాడు ముందు తవ్వకాన్ని ఆపిస్తాడు.

6. ముగింపు

ఈ లోపాన్ని సవరించడానికి గ్రంథవిస్తరణ అవసరం లేదు. పట్టికకు ‘ఎలా దొరికింది?’ అన్న మూడో వరుస చేర్చి తవ్వకంలోనా, ఉపరితల సేకరణలోనా, ఏ సంవత్సరంలో, ఎవరి నివేదికలో అన్నది తెలిపితే చాలు. ప్రశ్నపత్రం రూపొందించేవారు ఆ మూడో వరుస నుంచి ఒక్క ప్రశ్న అడిగినా, పుస్తకాలు తామే మారతాయి.