వైద్యవిద్యలో కథాపఠనం: రోగి మాటను వినే శిక్షణ

లియో టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇలిచ్ మరణం’ నవలికలో న్యాయాధికారి అయిన ఇవాన్ ఒక ప్రసిద్ధ వైద్యుణ్ణి ఆశ్రయిస్తాడు. తన స్థితి ప్రమాదకరమా, కాదా అన్నదొక్కటే అతని ప్రశ్న. వైద్యుడు దానిని పట్టించుకోడు. జబ్బు మూత్రపిండానిదా, పేగుదా అన్నదే ఆయనకు ముఖ్యం. న్యాయస్థానంలో తాను ముద్దాయిలపట్ల చూపే ధోరణినే వైద్యుడు తనపట్ల చూపుతున్నాడని ఇవాన్ గ్రహిస్తాడు. ఈ పోలిక కథకు కీలకం. ఆ వైద్యుడు దుర్మార్గుడు కాడు. తన శాస్త్రం అడిగే ప్రశ్నను మాత్రమే వినగలిగినవాడు.

ఈ లోపాన్ని సవరించడానికే వైద్యవిద్యలోకి సాహిత్యం ప్రవేశించింది. వైద్యురాలు, ఆంగ్లసాహిత్యంలో డాక్టరేటు పొందిన రీటా షారోన్ 2000లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ‘నెరేటివ్ మెడిసిన్’ కార్యక్రమాన్ని ప్రారంభించారు. మనదేశంలో భారత వైద్యమండలి 2018లో రూపొందించిన ‘ఏట్‌కామ్’ (వైఖరి, నైతికత, సంభాషణ) పాఠ్యభాగం 2019 నుండి ఎం.బి.బి.ఎస్.లో అమలులోకి వచ్చింది. ‘రోగిగా ఉండడమంటే ఏమిటి?’ అన్న ప్రశ్న అందులో తొలిదశలోనే ఉంది. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే అందులోని సందర్భకథనాలు ఒక నిర్ణయాన్ని చర్చించడానికి కూర్చినవి. సాహిత్యకథ అంతటితో ఆగదు. కథ ఎవరు చెబుతున్నారు, ఏ మాట ఎందుకు వాడారు, దేనిని చెప్పకుండా దాటవేశారు అని పాఠకుడు ఆలోచించవలసి వస్తుంది. రోగి ముందు కూర్చున్న వైద్యుడు చేయవలసిన పని కూడా ఇదే.

తెలుగునాట ఈ శిక్షణ మరింత అవసరం. వైద్యవిద్యార్థి చదివేది ఇంగ్లీషులో, వినేది తెలుగులో. ‘కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి’, ‘తల తిరుగుతోంది’, ‘నడుస్తుంటే తూలుతున్నాను’ అన్న మూడు మాటలు కేస్‌షీటులో ‘గిడ్డీనెస్’ అన్న ఒక్క పదంగా మిగిలిపోవచ్చు. స్పృహ తప్పబోవడం, పరిసరాలు తిరుగుతున్నట్లు అనిపించడం, నడకలో నిలకడ తప్పడం వేర్వేరు లక్షణాలని వైద్యశాస్త్రమే చెబుతుంది. కనుక మాటను శ్రద్ధగా వినడం కేవలం దయాగుణం కాదు. అది రోగనిర్ధారణలో భాగం.

ఇందుకు తగిన సాహిత్యం మనకుంది. కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ ఆస్పత్రిని యువవైద్యుని వైపునుండి చూపుతుంది. డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యులుగా పనిచేసిన కేశవరెడ్డి నవలలు గ్రామీణుల జీవితాన్ని వారి దృష్టినుండే పరిచయం చేస్తాయి. వీటిని నీతికథలుగా బోధిస్తే ప్రయోజనం ఉండదు. వాక్యం వాక్యం చదివించాలి. ఈ బాధ్యతను వైద్య కళాశాలలకే వదలక తెలుగు శాఖలు కూడా పంచుకోవాలి. వాక్యాన్ని చదివించడం మన వృత్తి. ఆ నైపుణ్యం సాహిత్య తరగతికే పరిమితమైతే, రోగి తన తెలుగులో చెప్పుకున్న బాధ కేస్‌షీటుకు చేరకముందే సగం పోతుంది.