'హను-మాన్' చిత్రము – ప్రేక్షకసిద్ధివిచారము

దృశ్యకావ్యమును విమర్శించువారు కథను విమర్శింతురు, పాత్రలను విమర్శింతురు, సంభాషణములను విమర్శింతురు. చూచువారి కేకలను విమర్శించువా రరుదు. చలనచిత్రముల ప్రసక్తి వచ్చినపుడు మన గోష్ఠులలో నీ కేకలు "మర్కటచేష్టలు" అను నొక్కమాటతోఁ ద్రోసివేయఁబడుచుండును. మా గార్లలో నుపాధ్యాయుల కూటమియందును నీ మాటయే వినఁబడినది. 2024 జనవరి 12వ తేదీని విడుదలయైన 'హను-మాన్' చిత్రమును జూచుటకై మా యూరి విద్యార్థులు కొందఱు రైలెక్కి మహబూబాబాదునకును ఖమ్మమునకును బోయిరి. సంక్రాంతి సెలవులు గడచి తరగతికి వచ్చిన పిదపఁ గూడ వారు సినిమాహాలులోని కేకలనే వల్లించుచుండఁగా, "కోఁతికథ చూచి కోఁతులైరి" అని యొక యుపాధ్యాయుఁడు పరిహసించెను. ఈ పరిహాసము శాస్త్రసమ్మతమా కాదా యని విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగాఁ జిత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. దీనికి దర్శకుఁడు ప్రశాంత్ వర్మ. నాయకపాత్రధారి తేజ సజ్జ. 2022 నవంబరు 21వ తేదీని దీని టీజరు వెలువడినది. 2023 మే 12వ తేదీని విడుదల యగునని ప్రకటించి, పిదప వాయిదా వేసిరి. కాఁబట్టి ప్రేక్షకులు టీజరు మొదలుకొని యించుమించు పదునాలుగు మాసము లెదురుచూచిరి. విడుదలయైన దినముననే మహేశ్ బాబు నాయకుఁడుగాఁ గల 'గుంటూరు కారం' కూడ వెలువడుటచేఁ దొలిదినములలో దీనికి దొరకిన తెఱలు తక్కువ, పిమ్మట హెచ్చినవి.

కథ యిది. అంజనాద్రి యను కల్పితగ్రామమున హనుమంతు అను చిల్లరదొంగ కలఁడు. ఆంజనేయుని రక్తబిందువునుండి పుట్టిన మణి యొకటి వానికి నీటియడుగున దొరకును. ఆ మణివలన వానికిఁ బగటివేళ నమానుషమైన బలము గలుగును. ఆ శక్తి నపహరింపవచ్చిన మైకేలు అనువాఁడు ప్రతినాయకుఁడు. లాక్షణికులు నాయకుని దివ్యుఁడు, అదివ్యుఁడు, దివ్యాదివ్యుఁడు అని విభజించిరి. నేఁటి సినిమావారు "సూపర్‌హీరో" యని పిలుచు పాత్రలలో నీ హనుమంతు అదివ్యుఁడై పుట్టి, దివ్యాంశమును ఎరవుగాఁ బొందినవాఁడు. ఈ కల్పన తెలుఁగుతెఱకుఁ గ్రొత్త కాదు. 1980లో వి. మధుసూదనరావు దర్శకత్వమున వచ్చిన 'సూపర్‌మేన్' చిత్రమునను ఎన్.టి. రామారావు ధరించిన నాయకునకు బలము హనుమదనుగ్రహమువలననే లభించినది.

ఇఁక ప్రేక్షకుల మాట. నాట్యశాస్త్రమున నిరువదియేడవ యధ్యాయము సిద్ధినిరూపణమునకై యేర్పడినది. ప్రయోగము ఫలించినదని తెలియుట కేవి గుఱుతులో భరతుఁడు అందుఁ జెప్పెను. సిద్ధి రెండువిధములు: మానుషి, దైవికి. మానుషసిద్ధి మరల వాచికమనియు శారీరమనియు రెండు తెఱఁగులు. చిఱునవ్వు, పెద్దనవ్వు, బాగుబాగనుట, అహో యనుట, అయ్యోయనుట, ఎడతెగని కోలాహలము, ఇవి వాచికములు. పులకించుట, ఆసనమునుండి లేచుట, వస్త్రములను ఉంగరములను విసరుట, ఇవి శారీరములు. కాఁగా నేఁటి యీలయుఁ గేకయుఁ జప్పటయుఁ జించి చల్లిన కాగితపుముక్కలును మునిచే ముందే లెక్కింపఁబడిన జాతిలోనివే. ఉంగరమునకు మాఱుగాఁ గాగితము వచ్చినది, అంతియే భేదము. మన పల్లెలలో యక్షగానపు టాటలయందుఁ జూచువారు చదివింపులు చదివించుటయు నీ సిద్ధిలోనిదే. ఇట్టి గుఱుతులను మర్కటచేష్ట లనువారు భరతుని మీఱి పోవుచున్నారు.

కాని మాట యింతటితో ముగియదు. భరతుఁడే సిద్ధిని జెప్పినచోట ఘాతములను గూడఁ జెప్పెను. పరులవలనఁ బుట్టు ఘాతమునకు మాత్సర్యము, ద్వేషము, పక్షపాతము మొదలగునవి కారణములు. అట్టివారు వలసినదానికంటె మించి నవ్వుదురు, ఏడ్చెదరు, అఱచెదరు. పేడయు మట్టిపెళ్ళలును రంగముపై రువ్వుదురు. చెవికి రెండు కేకలు నొకటియే. ఒకటి ప్రయోగము ఫలించినదని చాటునది. రెండవది ప్రయోగమును జెఱచునది. భేదము కంఠములో లేదు, కారణములో నున్నది. విమర్శకునిపని యా కారణమును గనిపెట్టుట.

మహబూబాబాదున నేను జూచిన యాటలో నీ కేకలు మూఁడు తావులఁ బ్రత్యేకముగా వినఁబడినవి. మొదటిది బొమ్మ మొదలగుటకు ముందు. పేరుపొందిన నటుని చిత్రమైనచో నిచ్చటనే హాలు దద్దరిల్లును. ఆ కేక కావ్యమువలనఁ బుట్టినది కాదు, కావ్యమింకను మొదలు కాలేదు గదా! అభినవగుప్తుఁడు చెప్పినట్లు కిరీటాదివేషముచే నటుని స్వరూపము మఱుఁగుపడినఁగాని రసమునకుఁ దావు దొరకదు. నటుని పేరు పలుకు కేక యా మఱుఁగును మాటిమాటికిఁ దొలఁగించును. 'హను-మాన్' విషయమున నీ మొదటి కేక మిక్కిలి యల్పము. నాయకపాత్రధారి బాలనటుఁడుగాఁ దెలుఁగువారి కెఱుకయైనవాఁడే కాని, వాని పేరుమీఁద గుమిగూడు గుంపు అప్పటికి లేదు. అందుచేతనే యీ చిత్రము మన విచారమునకు మంచి యుదాహరణము. ఇందుఁ బుట్టిన కేకలలోఁ బెక్కులు కథవలనఁ బుట్టినవే.

రెండవది నాయకుని యక్క యంజమ్మ, వరలక్ష్మీ శరత్‌కుమార్ ధరించిన పాత్ర, కొబ్బరిగెల చేతఁబట్టి దుర్మార్గుల నెదిర్చు ఘట్టము. ఇచ్చట నీలలు మ్రోఁగినవి. ముందువరుసలవారు లేచి నిలిచిరి. మణిలేదు, మంత్రములేదు; పెండ్లినాఁటి గెలయే యాయుధము. ఉత్సాహమను స్థాయి సామాన్యస్త్రీ యందుఁ బొడసూపుటచేఁ జూచువారికది తమ యింటిదివలెఁ దోఁచినది. సాధారణీకరణమన నిదియే గదా!

మూఁడవది చివర. హిమాలయములలోఁ దపస్సుననున్న యాంజనేయుఁడు మేల్కొని వచ్చు ఘట్టమున మొదట మిన్నుముట్టు కేక లేచినది. అంతలో నొక వృద్ధుఁడు లేచి చేతులు మోడ్చెను. అతని వెనుక మఱికొందఱు లేచిరి. పిదప హాలంతయు నిశ్శబ్దమయ్యెను. దైవికసిద్ధికి భరతుఁడు చెప్పిన లక్షణము స్మరణకు వచ్చినది: రంగము నిండియుండవలెను, అలజడి యుండరాదు, శబ్దముండరాదు. మానుషసిద్ధి ముందు నడచి తన వెనుక దైవికసిద్ధిని గొనివచ్చుట యచ్చటఁ గంటిని. పాలకుర్తి సోమనాథుఁడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలను గూర్చెను. ఆ ముగ్ధులకు దేవుఁడు కథలోనివాఁడు కాఁడు, ఎదుటివాఁడు. ఆ కవి పుట్టిన పాలకుర్తి మా ప్రాంతమునకు దూరము కాదు. ఆ ముగ్ధతయు నింకను దూరము కాలేదని యా నిశ్శబ్దము తెలిపినది.

దోషమును గూడఁ జెప్పవలెను. ఆ నిశ్శబ్దము నిలువకముందే రాఁబోవు 'జై హనుమాన్' చిత్రమును బ్రకటించి ముగించిరి. నిర్వహణసంధియందుఁ జల్లారవలసిన యౌత్సుక్యమును మరల రగిలించుట కావ్యధర్మము కాదు, వ్యాపారధర్మము. చేతులు మోడ్చినవాఁడు ఆ మోడ్పు విడిచి మరల నెదురుచూచువాఁడై వెడలెను.

ఇప్పు డభిమానిశబ్దమును విచారింతము. అభిపూర్వకమైన మనధాతువునకు ణినిప్రత్యయము చేరఁగా నేర్పడినదిది. సంస్కృతమున దీనికి గర్వించువాఁడని యర్థము. అభిమానమే యహంకారమునకు లక్షణమని సాంఖ్యులు చెప్పుదురు. తెలుఁగున నీ మాట మెత్తఁబడి ప్రేమించువాఁడను నర్థము తెచ్చుకొన్నది. అయినను బాఁతయర్థము పూర్తిగాఁ జావలేదు. "మా హీరో" యనునపుడు ఆ "మా" యనుటలో సంస్కృతార్థము తల యెత్తును. నటుని గెలుపు తన గెలుపగును; మఱియొక నటుని గెలుపు తన యోటమి యగును. భరతుఁడు ఘాతహేతువుగాఁ జెప్పిన పక్షపాత మిదియే.

ఈ చిత్రమున దర్శకుఁడు తెలిసియో తెలియకయో యీ సంగతినే ప్రతినాయకునియందుఁ జూపెను. మైకేలు బాల్యమున సూపర్‌హీరోల కథలకు దాసుఁడు. అనఁగా వాఁడును అభిమానియే. అట్టి వీరులకుఁ దల్లిదండ్రులుండరని తెలిసికొని, తానును వీరుఁడు కావలయునని తన తల్లిదండ్రుల చావునకుఁ గారకుఁడగును. తన్ను దాను ఫలానివానిఁగాఁ దలఁచుకొను నర్థమునఁ బాణిని ఖశ్ప్రత్యయమును విధించెను. ముమాగమము రాఁగా పండితమ్మన్యుఁడు మొదలగు రూపములు సిద్ధించును. ఆ తీరున మైకేలు వీరమ్మన్యుఁడు. హనుమంతో, తాను వీరుఁడనని యనుకొననివాఁడు. అభిమానము పరునియందు నిలిచినంతవఱకుఁ బ్రేమ. తనవైపు తిరిగినచో మైకేలు. చిత్రమున నింతకంటె గంభీరమైన భాగము లేదని నా తలంపు. దీనిని గూర్చి కేకలు వేసినవారు లేరు, అదియుఁ జింత్యమే.

మరల మర్కటచేష్టల మాటకు వత్తము. ఆ మాట నిందగాఁ బ్రయోగించినవారు సుందరకాండముయొక్క చివరిభాగమును స్మరింపరైరి. సముద్రతీరమున వానరులు దిగులుతో నెదురుచూచుచుండఁగా దూరమునుండి హనుమంతుని గర్జనము వినవచ్చును. ఆ నాదమును బట్టియే కార్యము నెఱవేఱెనని జాంబవంతుఁడు నిశ్చయించును. అంతట వానరులు చెట్టునుండి చెట్టునకు దుమికి, పూచినకొమ్మలను వస్త్రములవలె నూఁపుదురు. ఎదురుచూచిన వీరుఁడు కనఁబడినపుడు గుంపు చేయు కోలాహలమునకు మన సాహిత్యమున నింతకంటెఁ బ్రాఁతదియు నందమైనదియు నగు వర్ణనము నేనెఱుఁగను.

తరువాత వారు మధువనముఁ జొత్తురు. అంగదుని యనుమతి నడిగి, పెద్దల యామోదముతోఁ దేనెలు త్రావుదురు. త్రావినపిదప హద్దు మీఱి వనమును జెఱతురు; అడ్డువచ్చిన కావలివారిని గొట్టుదురు. వనపాలకుఁడగు దధిముఖుఁడు సుగ్రీవునికడ కేఁగి మొఱపెట్టుకొనును. అతని మాటలో నబద్ధము లేదు. వనము చెడుట నిజము. కాని సుగ్రీవుఁడా మొఱ విని కోపింపఁడు. కార్యము సఫలముకానిచో వీరింత సాహసింపరనియు, సీత జాడ తెలిసినదనియు ననుమానప్రమాణముచే గ్రహించును. ఒకే కోలాహలము దధిముఖునకు నష్టము, సుగ్రీవునకు లింగము. విమర్శకుఁడు సుగ్రీవుఁడు కావలెను. పొగను జూచి కన్ను మంటయని మాత్రమే చెప్పువాఁడు నైయాయికుఁడు కాఁడు గదా!

అట్లని దధిముఖుని నోరు నొక్కుట తగదు. మధువనమునఁ జెట్లు విఱిగినవి, మనుష్యుఁడు చావలేదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదున సంధ్య థియేటరులో 'పుష్ప 2' చిత్రపు ముందస్తు ప్రదర్శనమునకు గుమిగూడిన జనసమ్మర్దమున నొక స్త్రీ మరణించెను. ఆమె కుమారుఁడు తీవ్రముగా గాయపడెను. ఆ తొక్కిసలాట యే సిద్ధిలోఁ జేరును? ఏ సిద్ధిలోను జేరదు. అది రసమువలనఁ బుట్టినది కాదు. తెఱమీఁది పాత్రను విడిచి తెఱబయటి నటునిపైఁ బడిన చూపు గుంపుగా మాఱినపుడు లోన జరుగు కావ్యమునకుఁ బనిలేదు. పైని జెప్పిన మొదటి కేకకుఁ గడపటి పరిణామమది. కాఁబట్టి యా కేకకు నవ్వి యూరకుండరాదు.

పాఠశాలాపండితులకు నా విన్నప మొక్కటి. తరగతిలో సినిమాకేక వినఁబడినపుడు బాలునిఁ గసరక, "ఏ ఘట్టమునఁ గేక వేసితివి? ఏల వేసితివి?" అని యడుగవలెను. నేనడిగి చూచితిని. ఒకఁడు కొబ్బరిగెల పోరును జెప్పెను. ఒకఁడు చివరి ఘట్టమును జెప్పి, కేక వేయఁబోయి వేయలేకపోతిననెను. మూఁడవవాఁడు నటుని పేరు చెప్పి, కారణము చెప్పలేక తల వంచెను. మొదటివానికి వీరరసమును, రెండవవానికి దైవికసిద్ధిని జెప్పుట సులభమైనది. లక్ష్యము వారియొద్దనే యున్నది, లక్షణము మాత్రము నేను జెప్పితిని. మూఁడవవానికి మైకేలు కథను జ్ఞాపకము చేసితిని. వాఁడు చాలసేపు మాటాడలేదు.

లక్ష్యమును బట్టియే లక్షణము పుట్టునని వైయాకరణులమగు మనమెఱుఁగుదుము. నేఁటి లక్ష్యము సినిమాహాలులో నున్నది. దానిని వినక లక్షణమును వల్లించుట తగదనియు, విని విభజింపక మెచ్చుట యంతకంటెఁ దగదనియు నా మతము. నాట్యశాస్త్రమునందలి సిద్ధ్యధ్యాయమును బాఠశాలలలో నీ దృష్టితోఁ బఠింపఁజేయుట యుక్తమగునా యను విషయమును విజ్ఞులు విచారింతురు గాక.