హద్దెరిగిన పనితనం

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద జెడ్‌వీఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంటే, ఒకే యంత్రంలో వందల లైనక్స్ గెస్టులు పక్కపక్కనే పనిచేసుకోగలవు. ప్రాసెసర్, మెమరీ, డిస్కులు అన్నీ తనవేనని ప్రతి గెస్టూ అనుకుంటుంది. ఈ భ్రమను నిలబెట్టేది జెడ్‌వీఎంలోని కంట్రోల్ ప్రోగ్రామ్. ఆ రంగంలోవాళ్లు దాన్ని సీపీ అంటారు. ఎక్కడ జోక్యం చేసుకోవాలో, ఎక్కడ పక్కకు తప్పుకోవాలో సీపీకి ఎంత బాగా తెలుసో చూసినకొద్దీ ముచ్చటేస్తుంది.

ఈ పని 1964లో మొదలైంది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో దీనికి పునాది వేశారు. ఒక కంప్యూటర్‌ను పదిమందికి పంచాలంటే అందరి అవసరాలూ చూసే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ రాయాలన్నది అప్పటి ఆలోచన. వీళ్లు ఆ పనిని రెండుగా చీల్చారు. యంత్రానికి ప్రతులు కల్పించడం వరకే సీపీ బాధ్యత. ఫైళ్లు, ఎడిటర్లు దానికి పట్టవు. ఒక్కో ప్రతిలో నడిచే సీఎంఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్క మనిషికే సేవ చేస్తుంది. పక్కన ఇంకొకరున్న సంగతి దానికి అక్కర్లేదు. మార్పులు చేసిన సిస్టమ్/360 మోడల్ 40 మీద పుట్టిన సీపీ-40 నుంచి సీపీ-67, 1972 నాటి వీఎం/370, నేటి జెడ్‌వీఎం దాకా ఈ పంపకం చెక్కుచెదరలేదు.

వీఎం/370లో ఒక్క ఇన్‌స్ట్రక్షన్ వెంట నడిచి చూద్దాం. గెస్ట్ తాను సూపర్‌వైజర్ స్టేట్‌లో ఉన్నాననుకుంటుంది. సీపీ మాత్రం దాన్ని ప్రాబ్లమ్ స్టేట్‌లో, అంటే మామూలు ప్రోగ్రాముల హోదాలో నడుపుతుంది. కూడికలు, పోలికలు నేరుగా హార్డ్‌వేర్ మీదే సాగిపోతాయి. యంత్రం స్థితినే మార్చే ఎల్‌పీఎస్‌డబ్ల్యూ లాంటి ప్రివిలేజ్డ్ ఇన్‌స్ట్రక్షన్ తగిలితే హార్డ్‌వేర్ ఒప్పుకోదు. ఇంటరప్ట్ లేచి సీపీ చేతికి పగ్గాలు వస్తాయి. గెస్ట్ తన లెక్కలో సూపర్‌వైజర్ స్టేట్‌లోనే ఉంటే, సీపీ ఆ పని ఫలితాన్ని తానే కల్పించి ఇస్తుంది. గెస్ట్ లోపలి మామూలు ప్రోగ్రామేదో హద్దు మీరి ఉంటే, ఆ ఇంటరప్ట్‌ను గెస్ట్‌కే అందిస్తుంది. అసలు యంత్రమైనా చేసేది అదే కదా! ఈ పద్ధతి పారడానికి కారణం 360 రూపకర్తల శుభ్రమైన గీత: యంత్ర స్థితిని తాకే ఇన్‌స్ట్రక్షన్లన్నీ ప్రివిలేజ్డే. పాత ఎక్స్86లో ఆ గీత చెరిగిపోయి ఉండేది. అక్కడ పాప్ఎఫ్ లాంటి ఇన్‌స్ట్రక్షన్ హోదా చాలకపోతే ఇంటరప్ట్ లేపకుండా, అడిగిన మార్పులో కొంత చప్పుడు చేయకుండా వదిలేసేది.

డిస్కుల పంపకమూ ఇలాంటిదే. అసలు డిస్కులోంచి కొన్ని సిలిండర్లను సీపీ ఒక గెస్ట్‌కు మినీడిస్క్‌గా ఇస్తుంది. గెస్ట్ దృష్టిలో అవి సున్నా నుంచి మొదలవుతాయి. గెస్ట్ రాసుకున్న ఛానల్ ప్రోగ్రామ్‌కు, అంటే డిస్కుకిచ్చే ఆదేశాల జాబితాకు, సీపీ ఒక నకలు తీసి, అందులో మెమరీ చిరునామాలను అసలువాటికి మార్చి, సిలిండర్ నంబర్లను సర్ది, అప్పుడు ఛానల్‌కు పంపుతుంది. గెస్ట్ రాసుకున్న ప్రతి మాత్రం రాసినట్టే ఉంటుంది.

ఇంత జాగ్రత్తకు మూల్యం సమయం. ప్రతి చిన్న పనికీ సీపీ లేవాల్సి రావడం భారమైంది. 1980లలో సిస్టమ్/370-ఎక్స్‌ఏతో వచ్చిన ఎస్‌ఐఈ అనే ఇన్‌స్ట్రక్షన్ ఆ భారాన్ని హార్డ్‌వేర్ మీదకు మళ్లించింది. గెస్ట్ వివరాలున్న పట్టికను చూపించి సీపీ ఎస్‌ఐఈ ఇస్తే చాలు, ప్రాసెసరే గెస్ట్‌గా మారి నడుస్తుంది. చాలా ప్రివిలేజ్డ్ ఇన్‌స్ట్రక్షన్లు అక్కడే పూర్తవుతాయి. గెస్ట్ చిరునామా నుంచి అసలు మెమరీ దాకా రెండంచెల అనువాదం కూడా హార్డ్‌వేరే చేస్తుంది. తన జోక్యం తప్పనిసరైన చోటే నియంత్రణ సీపీకి తిరిగొస్తుంది.

భ్రమ ఎంత పక్కాగా ఉన్నా, నిజం తెలిసిన గెస్ట్ ఇంకా బాగా మసలుకోగలదు. అందుకు డయాగ్నోజ్ అనే ఇన్‌స్ట్రక్షన్ దారి చూపిస్తుంది. లాక్ కోసం ఊరికే తిరుగుతున్న గెస్ట్ డయాగ్నోజ్ 44తో తన వంతు ప్రాసెసర్ సమయాన్ని తానే వదులుకోవచ్చు. గెస్ట్ అడిగిన మెమరీ పేజీ డిస్కు మీదుంటే, అది వచ్చేలోగా వేరే పని చూసుకోమని సీపీ చెప్పగలదు. మెయిన్‌ఫ్రేమ్ మీదకు కొత్తగా వచ్చినప్పుడు లైనక్స్ ఈ సంగతి పట్టించుకోక, పనేమీ లేకపోయినా సెకనుకు 100 సార్లు టైమర్ కోసం మేలుకునేది. ఒంటరి యంత్రంలో అది లెక్కలోకి రాదు. వంద గెస్టులు ఒకేచోట అలా చేస్తే ప్రాసెసర్ సమయం చాలా వృథా. అవసరమైనప్పుడే టైమర్ పెట్టుకునేలా కెర్నెల్‌ను మార్చాక గానీ పంపకం సుఖంగా సాగలేదు.

ఇదంతా నిలబడింది ఒక రాతపూర్వక ఒప్పందం మీద. ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఆపరేషన్ అనే ఐబీఎం మాన్యువల్ యంత్రం ఎలా ప్రవర్తించాలో చెబుతుంది. సీపీ ఆ మాటకు కట్టుబడుతుంది. ఎంత కట్టుబడిందో తేల్చుకునే దారి కూడా సీపీలోనే ఉంది. సీపీ చూపే యంత్రం నిజమైనదైతే, అందులో సీపీయే గెస్ట్‌గా నడవాలి. నడుస్తుంది కూడా. జెడ్‌వీఎం కొత్త వెర్షన్‌ను పాత వెర్షన్ కింద గెస్ట్‌గా ఎక్కించి పరీక్షించడం ఆ వృత్తిలో రోజువారీ పని.