పెట్టే చేయి ఆగిన చోట: ముట్లుడిగే వయసు, తెలుగు రచనలో ఆహారం, ఆసరా

ఆడపిల్ల సమర్తాడితే తెలుగు ఇళ్లలో మొదట బయటికి వచ్చేవి నువ్వులు, బెల్లం. రెండూ కలిపి దంచిన చిమ్మిలిని మేనత్తో, అమ్మమ్మో, పొరుగింటి ముత్తయిదువో ఆ పిల్ల చేత తినిపిస్తుంది. సీమంతానికి చలిమిడి ఉంది. పురుటి గదికి కాయం ఉంది, వెల్లుల్లి ఉంది, బాలింత పథ్యం పేరుతో ఒక పాకశాస్త్రమే ఉంది. వీటి వెంట పాటలున్నాయి. సమర్త పాటలు, సీమంతపు పాటలు, లాలిపాటలు స్త్రీల పాటల సంకలనాలలో వేర్వేరు విభాగాలుగా నిలిచాయి. ఈ సందర్భాలన్నిటిలోనూ ప్రధాన క్రియ ‘పెట్టు’. పెట్టేది మరొకరు, తినేది ఆమె. ముట్లుడిగే వయసు వచ్చేసరికి ఈ వాక్యం తెగిపోతుంది. ఆ దశకు పేరున్న పిండివంట లేదు, పథ్యం లేదు, పాటల విభాగం లేదు.

ఉన్నది ఒక వ్రతం. భాద్రపద శుద్ధ పంచమినాటి ఋషిపంచమి వ్రతాన్ని ముట్లుడిగిన తరువాత ఆచరించే సంప్రదాయం కొన్ని వర్గాలలో ఉంది. గడిచిన సంవత్సరాలలో తెలిసీ తెలియక కలిగిన అంటుదోషానికి అది పరిహారం. నాగలి దున్నిన నేలలో పండిన ధాన్యం ఆ రోజు నిషిద్ధం. తొలి ముట్టుకు నువ్వుల ఉండ పెట్టిన సంస్కృతి చివరి ముట్టుకు అన్నం మానమంటుంది.

ఈ వ్రతకథను సాహిత్య పాఠంగా చదివితే విశేషమైన సంగతి ఒకటి బయటపడుతుంది. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం ముట్టు నియమాలు పాటించని ఇల్లాలు మరుజన్మలో కుక్కగా పుట్టి కొడుకు ఇంటనే ఉంటుంది. పాము విషం కక్కిన పాయసాన్ని బ్రాహ్మణులు తినకుండా కాపాడాలని పాత్రను ముట్టుకుంటుంది. కారణం తెలియని కోడలు కొడుతుంది, ఆ పూట తిండి పెట్టదు. ఆకలితో ఎద్దు రూపంలోని భర్తకు ఆమె చెప్పుకునే మాటలను కొడుకు వింటాడు. మొదట ఇద్దరికీ తిండి పెడతాడు, ఆ తరువాతనే పరిహారం అడగడానికి ఋషుల దగ్గరికి వెళతాడు. వ్రతవిధానం ఋషుల సమాధానాన్ని మాత్రమే తీసుకుంది. కొడుకు చేసిన మొదటి పనిని కథలోనే వదిలేసింది. వయసు మళ్లిన తల్లి బాధ ఇంట్లో కడుపునిండా తిండి దొరకకపోవడమని కథకుడికి తెలుసు. ఆచారం మాత్రం దానికి ఉపవాసాన్నే విధించింది.

ఈ దశకు పండుగ లేకపోవడమే విముక్తి కదా అనే వాదం ఒకటి ఉంది. అందులో నిజం లేకపోలేదు. మూడు రోజుల మైల, గడప అవతలి బతుకు, గుడికి వెళ్లడానికి తేదీల లెక్క, ఇవన్నీ పోయినందుకు ఊరట పొందిన స్త్రీలు ఎందరో. అయితే ఆ ఊరట వారిని వంటింటికీ మడికీ నెల పొడవునా అందుబాటులోకి తెచ్చింది. సెలవులేని సేవకు అర్హత దొరికింది గాని, వారికి వడ్డించే మనిషి దొరకలేదు.

పదాల సంగతి చూడాలి. ఆరోగ్య రచనలలో మెనోపాజ్, రజోనివృత్తి, ఋతువిరతి అనే మూడు మాటలు కనిపిస్తాయి. మూడూ నామవాచకాలే. మూడూ జరిగిపోయిన ఒక ఘటనను సూచిస్తాయి. వైద్యం వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే, వెనక్కి తిరిగి చూసి, దానిని మెనోపాజ్‌గా నిర్ధారిస్తుంది. ఆవిర్లు, నిద్రలేమి, క్రమం తప్పిన రక్తస్రావం, చిరాకు, దిగులు మాత్రం అంతకు కొన్నేళ్ల ముందునుంచే మొదలవుతాయి. ఆ కొన్నేళ్లకు సంస్కృత సమాసాలలో చోటు లేదు. వాడుక తెలుగులో ఉంది. ‘ముట్లుడిగిన’, ‘ముట్లుడిగే’ అనే రెండు విశేషణాల మధ్య భూతకాలానికీ వర్తమానానికీ ఉన్న తేడా ఉంది. రెండవది సాగుతున్న స్థితిని చెబుతుంది. పారిభాషిక పదం కోసం వెదికే రచయితలు ఈ క్రియాజన్య విశేషణాన్ని పట్టించుకోకపోవడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ముట్టు అనే మాటలోని అంటు స్ఫురణ ఇందుకు ఒక కారణం కావచ్చు. మరొకవైపు ‘నెల తప్పడం’ అనే పలుకుబడిని గర్భధారణ పూర్తిగా సొంతం చేసుకుంది. నలభై అయిదేళ్ల స్త్రీకి రెండు నెలలు తప్పితే భాష ఆమెకు ముందుగా అందించే అర్థం గర్భమే.

వార్తాపత్రికల ఆరోగ్య శీర్షికలు ఈ మౌనాన్ని కొంత తొలగించాయి. అక్టోబరు 18న ప్రపంచ మెనోపాజ్ దినం సందర్భంగా వచ్చే వ్యాసాలూ, కుటుంబ పత్రికల ప్రశ్నోత్తరాలూ లేకపోతే చాలామందికి కనీస సమాచారం అందేది కాదు. వాటిలో చెప్పే విషయం సాధారణంగా సరైనదే. ఈస్ట్రోజెన్ తగ్గడంతో ఎముక అరుగుదల వేగం పెరుగుతుంది. కాల్షియం, విటమిన్ డి, మాంసకృత్తులు, నడక, బరువుతో కూడిన వ్యాయామం అవసరం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలలో రాగులకు 100 గ్రాములకు 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే నువ్వులకు 1450 ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2010 సిఫారసులో ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 800 మిల్లీగ్రాములుగా ఉన్న కాల్షియం 2020లో 1200 అయింది.

సమస్య ఈ వ్యాసాల వాక్యనిర్మాణంలో ఉంది. ‘తీసుకోవాలి’, ‘తగ్గించాలి’, ‘మానేయాలి’, ‘చేర్చుకోవాలి’ అనే విధ్యర్థక క్రియలతో అవి నడుస్తాయి. కర్త దాదాపు ఎప్పుడూ లోపిస్తుంది. లోపించినా ఆమె ఎవరో పాఠకులకు తెలుస్తుంది. ఏం కొనాలో, ఏం వండాలో, ఎవరు ముందు తినాలో నిర్ణయించగల స్త్రీ ఆమె. గ్లాసు పాలు తాగమన్నప్పుడు ఇంట్లో పాలు ఎన్ని, అవి ఎవరి కాఫీకి, ఎవరి చదువుకునే పిల్లలకు పోతాయి అనే ప్రశ్న ఆ వాక్యంలో ఇమడదు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న, సహపరిశోధకులు అల్పాదాయ వర్గాల స్త్రీల ఎముకల స్థితిపై 2005లో ప్రకటించిన అధ్యయనంలో ఆ స్త్రీలకు ఆహారం ద్వారా అందే కాల్షియం రోజుకు 300 మిల్లీగ్రాముల లోపే. అంటే ఎముక బలహీనత ముట్లుడగడంతో కొత్తగా వచ్చిపడినది కాదు. దశాబ్దాల పాటు అందరూ తిన్నాక మిగిలినది తిన్న శరీరంలోకి హార్మోను తగ్గుదల ఆలస్యంగా వచ్చి చేరింది. శీర్షికా రచన ఈ చరిత్రను తొలగించి నలభై అయిదో ఏట కథ మొదలుపెడుతుంది. వ్రతకథలోనైనా కోడలు తిండి పెట్టలేదన్న సంగతి ఉంది. ఆధునిక సలహాలో ఆ మాత్రం కూడా లేదు.

‘ఆసరా’ పరిస్థితి మరీ దీనం. ఈ వ్యాసాలలో అది తరచు చివరి వాక్యంగా వస్తుంది: కుటుంబ సభ్యులు అర్థం చేసుకోవాలి. ఎవరు, ఏ పని చేసి అర్థం చేసుకున్నట్టు చూపాలి? రాత్రి చెమటలతో నిద్రపోని స్త్రీ బదులు తెల్లవారి పాలు కాచేది ఎవరు? ఆహారం విషయంలో గ్రాముల దాకా వెళ్లిన ప్రక్రియ, తోడు విషయంలో ఒక్క పనినైనా పేరుపెట్టి చెప్పదు.

ఇందుకు భిన్నమైన దారి తెలుగులో ముందే పడింది. హైదరాబాదు స్త్రీవాద కార్యకర్తల సమష్టి కృషిగా 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ పేరుతోనే ఒక పద్ధతిని ప్రకటించింది. సందేహం పాఠకురాలి అజ్ఞానం కాదని, పుస్తకం అక్కడినుంచే మొదలవ్వాలని ఆ శీర్షిక అంటుంది. సలహా శీర్షికకు సమాధానం ముఖ్యం, ఈ పుస్తకానికి అడిగే మనిషి ముఖ్యం. 2004లో వచ్చిన ఆంగ్ల స్త్రీల ఆరోగ్య కరదీపిక రచయితలలో వీణా శత్రుఘ్న ఒకరు కావడం యాదృచ్ఛికం కాదు. పోషణ శాస్త్రం, స్త్రీల అనుభవం ఒకే బల్ల మీదికి వచ్చిన అరుదైన సందర్భమది. తెలుగు విమర్శ ఆ పుస్తకాన్ని ఉద్యమ సాహిత్యంగా గౌరవించిందే తప్ప వచన రచనగా తగినంతగా పరిశీలించలేదు.

అదే కాలపు స్త్రీవాద కవిత్వం శరీరాన్ని ధైర్యంగా మాట్లాడింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ శీర్షికలతోనే చర్చకు తెరతీశాయి. ముట్లుడగడానికి ఆ స్థాయిలో నిలిచిన శీర్షిక దొరకడం కష్టం. ఆ తరం కవయిత్రులు అప్పటికి యౌవనంలో ఉన్నారనే వివరణ సగమే సరిపోతుంది. వారు నడివయసుకు వచ్చిన తరువాత కూడా విమర్శకులు, సంకలనకర్తలు గర్భం చుట్టూనే శరీర కవిత్వాన్ని వెదికారు.

ప్రభుత్వ పథకాల భాష కూడా ఇదే హద్దు దగ్గర ఆగింది. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో భోజనం, గుడ్డు, పాలు అందిస్తుంది. అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి తినిపించే పద్ధతి ఎంచుకోవడంలో లోతైన గ్రహింపు ఉంది. ఇంటికి పంపితే ఆమె తినదని, అందరికీ పంచుతుందని పథకకర్తలకు తెలుసు. ఆ తెలివిడి బిడ్డ పాలు మానేదాకానే పనిచేస్తుంది. అదే స్త్రీ నలభై ఏడో ఏట ఇంటికి ఏం తెచ్చుకుంటుంది, అందులో తన విస్తట్లోకి ఎంత వస్తుంది అనే ప్రశ్న ఏ పథకానికీ శీర్షిక కాలేదు.

ఈ చర్చలో అందరికంటే వెనుకబడినవారు గర్భసంచి తీయించుకున్న స్త్రీలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు మందికి ఈ శస్త్రచికిత్స జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతానికి, తెలంగాణలో 8 శాతానికి దగ్గరగా ఉంది. వీరిలో చాలామందికి అప్పటికి నలభై నిండలేదు. అండాశయాలు కూడా తీసేస్తే మార్పు ఒక్కసారిగా వస్తుంది, ఉంచినా కొందరికి అది ముందుకు జరుగుతుంది. ‘నలభై అయిదు దాటాక’ అని మొదలయ్యే సలహా వ్యాసానికి వీరు పాఠకులు కారు. ముట్లు ‘ఉడిగే’ వయసు వీరికి రానేలేదు. వీరు చెప్పుకునే మాట ‘తీసేశారు’. అందులో తీసినవారి పేరు లేదు, బహువచనం మాత్రం ఉంది. ‘తీసుకోవాలి’ అని ఒంటరి స్త్రీకి చెప్పే ఆరోగ్య వ్యాసంలోనూ, ‘తీసేశారు’ అని ముగించే ఆమె మాటలోనూ కర్త లోపించాడు. మొదటి వాక్యంలో లోపించిన కర్త ఆమే. రెండవ దానిలో లోపించినవారిని వెదికే పని ఇంకా మొదలు కాలేదు.