అతుకు చూసి లైను కొనాలి

ఫైబర్ లైను కొనే వ్యాపారి సాధారణంగా రెండే అంకెలు చూస్తాడు: ఎన్ని ఎంబీపీఎస్, నెలకు ఎంత. ఆ రెండిటి వెనకా ఒక మనిషి పని ఉంది. స్తంభం కిందో, మూత తీసిన గొయ్యి పక్కనో కూర్చుని గాజుపోగులను అతికేవాడి పని అది. బిల్లులో దానికి గడి ఉండదు. కానీ ఆ లైను మనకు చవకగా పడిందో, ఖరీదుగా పడిందో ఏడాది తిరిగేసరికి తేల్చేది ఎక్కువగా ఆ పనే. అందుకే ముందు ఆ పనితనం చూపించి, తర్వాత ధరల సంగతికి వస్తాను.

పైపూత ఒలిచేశాక ఒక పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచేది మొత్తం పోగులో కూడా కాదు, దాదాపు 9 మైక్రాన్లుండే నడిమి భాగంలో. తల వెంట్రుక దానికి ఏడెనిమిది రెట్లు లావు. రెండు పోగులను అతకడమంటే ఒకదాని నడిమి భాగాన్ని రెండోదానికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టి కరిగించి కలపడం. ఒక్క మైక్రాను పక్కకు జరిగినా నష్టం మీటరు మీద కనబడుతుంది. ఇంత సన్నని పనిని మనవాళ్లు బైపాస్ రోడ్ల పక్కన, లారీలు లేపే దుమ్ములో, ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేస్తున్నారు.

విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి ఒక కుర్రవాడి పక్కన నిలబడి ఈ పని మొత్తం చూశాను. కేబుల్ నల్లతొడుగు ఒలిచాడు. లోపలి గొట్టాల్లోని జెల్లీ తుడిచాడు. పోగులను రంగుల వారీగా విడదీశాడు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం. పన్నెండింటికీ అదే వరుస, మన దగ్గర దాదాపు ఎక్కడైనా అదే. ఒక్క రంగు తారుమారైతే ఒక ఆఫీసుకు వెళ్లాల్సిన లైను ఇంకో ఆఫీసుకు పోతుంది. అతకడానికి ముందే ఒక పోగుకు, అతుకును కాపాడే స్లీవ్ తొడిగాడు. అతికాక తొడగడం కుదరదు కనుక, అది మరిచిపోయినవాడు మళ్లీ కోసి మొదటి నుంచి చేయాల్సిందే. తర్వాత పూత ఒలిచి, స్పిరిట్‌లో తడిపిన తుడుపుతో గాజు కిచకిచమనేదాకా తుడిచాడు.

అసలు నైపుణ్యమంతా ఆ తర్వాతి క్షణంలో ఉంది. పోగు కొసను తెంపే పనిముట్టు క్లీవర్ గాజును కోయదు. పోగు మీద కంటికి ఆనని గీత పెట్టి, లాగి విరుస్తుంది. ఆ విరుపు అద్దంలా చదునుగా రావాలి, ఒక డిగ్రీకి మించి వాలకూడదు. విరిచాక ఆ కొసకు వేలు తగిలినా, బల్ల తగిలినా పనికిరాదు. ఆ కుర్రవాడు పోగును క్లీవర్ నుంచి అతికే మిషన్‌లోకి మార్చేటప్పుడు ఊపిరి బిగబట్టడం గమనించాను. మిషన్ మూత వేశాక రెండు కొసలూ తెర మీద రెండు వైపుల నుంచి పెద్దవిగా కనిపిస్తాయి. ముందు చిన్న మెరుపుతో దుమ్ము కాలుతుంది, తర్వాత అసలు మెరుపుతో రెండు కొసలూ ఒకటవుతాయి. నష్టం 0.02 డీబీ అని తెర చూపించింది. అంటే ఆ అతుకు దగ్గర పోయే వెలుగు నూటికి అర పాలు కూడా లేదు.

అతను మాత్రం దాన్ని తెంపేశాడు.

“అదేంటయ్యా, మిషన్ బాగుందనే చెప్తోంది కదా?” అన్నాను.

“మిషన్‌కి బానే ఉంది సార్. అతుకులో సన్నగా గీత కనబడతంది చూడండి. రేపు ఎండకీ వానకీ అక్కడే పోద్ది,” అన్నాడు, ఇంకో స్లీవ్ తీసుకుంటూ.

అతను చెప్పింది అక్షరాలా నిజం. మిషన్ చూపే అంకె కొలిచినది కాదు. తెర మీది బొమ్మను బట్టి వేసిన అంచనా. బొమ్మను కంటితో చదవగలిగినవాడు అంకెను దాటి చూస్తాడు. ఆ రెండో అతుకుకు పట్టిన కాసేపటికి ఎవరూ అతనికి అదనంగా డబ్బివ్వరు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచింది అదే.

అతికాక కూడా పని చెడిపోయే చోటు ఒకటుంది. పోగులను ట్రేలో చుట్టి పెట్టాలి. మామూలు రకం పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచితే వెలుగు వంపు దగ్గర బయటికి కారిపోతుంది. మూత వేసేటప్పుడు ఒక పోగు అంచున నలిగినా అంతే. ఇలాంటి తప్పును పట్టేది ఓటీడీఆర్. ఒక కొస నుంచి వెలుగు తునకలను పంపి, దారి పొడవునా గాజులోంచి వెనక్కి చెదిరి వచ్చే కొద్దిపాటి వెలుగును కాలంతో కలిపి లెక్కగట్టి, ఎంత దూరంలో ఎంత పోయిందో గీత గీసి చూపిస్తుంది. గీత మెల్లగా వాలుతూ పోతే అది మామూలు దారి. ఉన్నట్టుండి మెట్టు దిగితే అతుకో, వంపో. ఏదో తేల్చడానికి పనిమంతుడు రెండు రంగుల వెలుగుతో చూస్తాడు. 1310 నానోమీటర్ల దగ్గరా 1550 దగ్గరా నష్టం ఇంచుమించు ఒకేలా ఉంటే అతుకు బాగోలేదన్నమాట. 1550లో బాగా ఎక్కువైతే పోగు ఎక్కడో వంగి ఉంది, ట్రే తెరిచి సర్దితే చాలు. అతుకు నష్టాన్ని రెండు కొసల నుంచీ కొలిచి సగటు తీస్తేనే అసలు లెక్క తేలుతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే గాజు తన వంతు పని అద్భుతంగా చేస్తోంది. మలినాలు తొలగిస్తే గాజులో వెలుగు చాలా దూరం పోగలదని 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ రాశారు. కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. 1970లో కార్నింగ్ సంస్థ తీసిన పోగులో కిలోమీటరుకు 17 డీబీ పోయేది, అంటే కిలోమీటరు దాటేసరికి నూటికి రెండు పాళ్ల వెలుగు మిగిలేది. ఇప్పటి పోగులో 1550 దగ్గర కిలోమీటరుకు 0.2 డీబీ మాత్రమే పోతుంది. పదిహేను కిలోమీటర్లు వెళ్లాక కూడా సగం వెలుగు ఉంటుంది. అలాంటి గాజు మీద 0.3 డీబీ పోయే ఒక మొరటు అతుకు వేస్తే, ఊరికే కిలోమీటరున్నర కేబుల్ దారిలో కలిపినట్టే.

ఇక కొనుగోలు సంగతి. వ్యాపార బ్రాడ్‌బ్యాండ్ పేరుతో అమ్మేది ఎక్కువగా పంచుకునే లైను. ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒక పోగును కరెంటు అక్కర్లేని చిన్న స్ప్లిటర్ 32 పాయలుగా చీలుస్తుంది. జీపాన్ అనే ఈ పంచుకునే పద్ధతిలో కిందికి వచ్చే 2.5 గిగాబిట్లూ, పైకి పోయే 1.25 గిగాబిట్లూ ఆ 32 మందివీ. అందరూ ఒకేసారి లాగితే ఒక్కొక్కరికి వచ్చేది దాదాపు 78 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి లాగరు కాబట్టే అది చవక, ఆ చవకలో మోసమేమీ లేదు. బిల్లింగ్, యూపీఐ, నాలుగు వీడియో మీటింగులు ఉన్న దుకాణానికీ, ఆడిటర్ ఆఫీసుకూ అది బాగా చాలు. ఇరవై మంది ఒకేసారి నెట్ మీద ఫోన్ మాట్లాడినా పట్టేది దాదాపు రెండు ఎంబీపీఎస్.

లీజు లైను అలా కాదు. రాసుకున్న వేగం రాకకూ పోకకూ సమానంగా, మనకొక్కరికే. ధర ఎన్నో రెట్లు. దాని అవసరం ఎవరికో తేల్చేది పైకి పంపే భారం. 300 ఎంబీల సీటీ స్కాన్‌ను వేరే ఊళ్లోని రేడియాలజిస్టుకు పంపాలంటే 10 ఎంబీపీఎస్ మీద నాలుగు నిమిషాలు పడుతుంది, 100 మీద అర నిమిషం కూడా పట్టదు. రోజంతా స్కాన్లు తీసే సెంటర్‌కు ఆ తేడాకు డబ్బివ్వడం న్యాయం. బట్టల షోరూముకు అది దండగ.

పంచుకునే లైను తీసుకునేవారికి నేను చెప్పే ముఖ్యమైన మాట ఒకటే. బిగించడానికి వచ్చిన అబ్బాయిని “పవర్ ఎంత వస్తోంది?” అని అడగండి. 32 పాయలుగా చీలినప్పుడే దాదాపు 17 డీబీ పోతుంది. సాధారణ జీపాన్ ఓర్చుకునేది మొత్తం మీద 28. మిగిలిన 11 డీబీల్లోనే దారి, అతుకులు, కనెక్టర్లు అన్నీ సర్దుకోవాలి. మీ ఆఫీసులోని ఫైబర్ పెట్టె దగ్గర మైనస్ 19 డీబీఎం వస్తే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 26 వచ్చినా పచ్చలైటు వెలుగుతుంది, స్పీడ్ టెస్టూ బాగానే వస్తుంది. కానీ అంచున నిలబడ్డ లైను అది. కనెక్టర్ మీద తొమ్మిది మైక్రాన్ల దుమ్ము రేణువు వాలినా, ఊడ్చేటప్పుడు తీగ కాస్త నలిగినా నెట్ పోతుంది. అక్కడే ఆపి కనెక్టర్ తుడిపించండి, అతుకు మళ్లీ వేయించండి. దానికి ఖర్చేమీ కాదు.

రెండో మాట దారి గురించి. ఏడాదిలో 99.5 శాతం నడుస్తుందన్న హామీలో 44 గంటల ఆగుడు దాగి ఉంటుంది. అలాంటి చవక లైన్లు రెండు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, రెండూ ఒకేసారి పోయే కాలం లెక్కప్రకారం ఏడాదికి 13 నిమిషాలు. చిన్న ఆఫీసుకు ఇంతకంటే లాభసాటి బేరం నాకు తెలియదు. అయితే చిక్కంతా ‘సంబంధం లేకుండా’ అన్న చోటే ఉంది. రెండు కంపెనీల కేబుళ్లు ఒకే స్తంభానికి వేలాడుతుంటే అవి రెండు బిల్లులే గాని రెండు లైన్లు కావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో స్తంభాలు పడగొట్టినప్పుడు వాటి మీదివన్నీ కలిసే పడ్డాయి. 2025 ఆగస్టులో హైదరాబాదులో విద్యుదాఘాత మరణాల తర్వాత స్తంభాల మీది కేబుళ్లు తొలగించినప్పుడూ అంతే.

అలాగని గాలిలో వేసిన కేబుల్ తక్కువదని నేననను. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే పల్లెలకు ఫైబర్ చేర్చింది. తవ్వకం లేదు, ఖర్చు తక్కువ, తెగితే కంటికి కనిపిస్తుంది. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాలకు తవ్విన కందకాల్లోనే తన గొట్టాలూ వేయించింది. ఒక తవ్వుడుతో రెండు పనులు జరిగాయి. భూమిలోని కేబుల్‌కు గాలి భయం లేదు, జేసీబీ భయం ఉంది. మన దేశంలో మామూలు నేలలో 1.65 మీటర్ల లోతున వేయాలన్న లెక్క అందుకే. తవ్వేవాళ్లు ముందే తెలపడానికి 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ కూడా వచ్చింది. కాబట్టి రెండు లైన్లలో ఒకటి గాలిలోదీ ఒకటి భూమిలోదీ తీసుకుంటే, ఒకేసారి రెండిటికీ గండం వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. దారి పటం అడిగితే కొందరు సేల్స్ వాళ్లు దాటవేస్తారు. చూపించినవాడి దగ్గర కొనండి, నెలకు కాస్త ఎక్కువైనా.

లీజు లైను అప్పగించే రోజున రెండు వైపుల నుంచీ తీసిన ఓటీడీఆర్ గీతలు అడిగి తీసుకుని దాచండి. ఒప్పందంలో ‘నాలుగు గంటల్లో మరమ్మతు’ అని రాసినా, ఆ గంటలు నిలబడేది ఆ గీతల మీదే. లైను తెగాక ఓటీడీఆర్ 4,370 మీటర్లు అని చూపిస్తుంది. అది పోగు పొడవు, రోడ్డు పొడవు కాదు. గొట్టంలో పోగు కేబుల్ కంటే కాస్త పొడవుగా ఉంటుంది. రేపు తెగితే జాయింట్‌ను కిందికి దించి అతకడానికి వీలుగా స్తంభాల దగ్గర లూపులు చుట్టి వదులుతారు, వాటి పొడవూ ఇందులో కలిసే ఉంటుంది. లూపులు ఎక్కడెక్కడ ఎన్ని మీటర్లు వదిలాడో రాసిపెట్టుకున్న జట్టు, పాత గీతను కొత్త గీత పక్కన పెట్టి చూసుకుని, నేరుగా ఆ రెండు స్తంభాల నడుమకే నిచ్చెన మోసుకెళ్తుంది. రాసుకోని జట్టు బండి మీద అటూ ఇటూ తిరుగుతూ తీగ చూసుకుంటూ పోతుంది, మీ కౌంటర్ దగ్గర జనం నిలబడే ఉంటారు.